పూస విన్న మాట

తూములపాలెం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ రోజు వచ్చినవాళ్ళందరి బీపీ నూట ముప్ఫై బై ఎనభై. ముసలివాళ్ళకీ అంతే, బాలింతలకీ అంతే, బస్సు ఆలస్యమై నీడ కోసం వరండాలోకి వచ్చిన కండక్టరుకీ అంతే. బీపీ మిషన్ పట్టీ అతుక్కోవడం మానేసి ఎంతకాలమైందో ఎవరికీ గుర్తులేదు. దాన్ని చేతికి చుట్టి, ఊడిపోకుండా రెండో చేత్తో పట్టుకోమని రోగికే పురమాయించి, నర్సు అవతలి గదిలోకి వెళ్ళి అంకె రాసేస్తోంది. ఆ అంకె కింద డాక్టర్ మురహరి సంతకం పెట్టేస్తున్నాడు.

హైదరాబాదులోని పరిశోధనా కేంద్రం నుంచి పరిస్థితి చూసిపోదామని వచ్చిన డాక్టర్ కొల్లి మందాకిని గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుని ఈ తతంగమంతా చూసింది. చూసేకొద్దీ ఆమె పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. ఆ వంకర ఆమె దగ్గర పనిచేసేవాళ్ళందరికీ బాగా పరిచయం.

"ఇంతమందికీ ఒకే బీపీ ఎలా వచ్చిందండీ?" అని అడిగింది.

"ఒక ఊరి నీళ్ళు గదండీ మేడం," అన్నాడు మురహరి, ఏమాత్రం తడుముకోకుండా.

టీ తాగుతూ ఆయన అసలు సంగతి కూడా అంత తేలిగ్గానే చెప్పేశాడు. "ఉన్నదున్నట్టు రాశామనుకోండి, మందివ్వాలి. మందిస్తే నెలకోసారి రమ్మనాలి. రమ్మంటే నిజంగానే వస్తారండీ వీళ్ళు! వస్తే మళ్ళీ చూడాలి. చూట్టానికి ఉన్నది నేనొక్కణ్ణి. అందుకని ఊరంతటికీ కలిపి ఒక మంచి బీపీ ఖాయం చేశాం."

పోనీ రోగులైనా మెరుగా అంటే, వాళ్ళు ఇంకా ఘనులు. ఒకావిడ బాగున్న రోజు మాత్ర మానేసి, బాగాలేని రోజు రెండు వేసుకుంటున్నానని గొప్పగా చెప్పింది. ఇంకొకాయన తన మాత్రల్లో సగం వియ్యంకుడికి పంపిస్తున్నాడట. పాపం ఆయనకీ బీపీయేనట, తనొక్కడే వేసుకుంటే మర్యాదగా ఉండదట. మాగాయ నాలిక్కి రాసుకోకపోతే ముద్ద దిగదని మూడో మనిషి మొహమాటం లేకుండా ప్రకటించాడు.

మందాకినికి ఆ మధ్యాహ్నం రెండు సంగతులు తేలిపోయాయి. ఈ డాక్టర్లు చూడరు, ఈ రోగులు మింగరు. ఇద్దర్నీ మధ్యలోంచి తప్పించి, మందునీ నెత్తురునీ నేరుగా కలిపేస్తే పీడా పోతుంది. ఆమె తయారుచేస్తున్న పూస సరిగ్గా అందుకే.

పూస అంటే బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. మోచేయి మడతలో చర్మం కింద పెట్టి, పైన చిన్న పట్టీ అంటిస్తే అయిపోయింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తపోటు ఎంతుందో అదే చూసుకుంటుంది. ఎక్కువైందనుకుంటే తన పొట్టలో దాచుకున్న చిక్కటి మందులోంచి ఆవగింజలో వెయ్యోవంతు వదులుతుంది. వదిలినప్పుడు వేలు ఆనించి ఉంచితే సన్నగా టిక్కుమంటుంది. ఏడాదికోసారి మారిస్తే చాలు. డాక్టరుతో పని లేదు, రోగికి గుర్తుతో పని లేదు. కుందేళ్ళ మీద, కోతుల మీద, ఆ తర్వాత ఒప్పుకున్న మనుషుల మీద పరీక్షించి, పూస తప్పు చేయదని మందాకిని రుజువు చేసింది. అంతవరకు ఆమె పనిలో వేలెత్తి చూపించడానికి ఏమీ లేదు.

వేలెత్తి చూపించాలని, పూసకి అనుమతివ్వాల్సిన కమిటీకి తోచింది. ఆ కమిటీకి పెద్ద దేవదత్తు గారు. పదవీ విరమణ చేసినా పదవి విరమించని రకం మనిషి. ప్రయోగశాలంతా తిరిగి చూసి, గాజు పాత్రలో తేలుతున్న పూసల్ని చూసి ముచ్చటపడి, చివరికి కూర్చున్నాక గొంతు సవరించుకున్నాడు.

"అంతా బాగుందమ్మా. కానీ ఇందులో రోగి గొంతుకి చోటేది? ఈ రోజుల్లో రోగి గొంతు లేకపోతే పైవాళ్ళు ఒప్పుకోరు. రోగి ఏమంటున్నాడో కూడా మీ పూస వినాలి."

మందాకినికి నవ్వొచ్చింది. ఆపుకుంది. రోగి ఏమంటాడో ఆమెకు తెలియదా? గ్యాసు అంటాడు, దిష్టి అంటాడు. అయినా సంతకం దేవదత్తు గారి చేతిలో ఉంది కాబట్టి వినమంటే వింటుందిలే అనుకుని, కుర్ర ఇంజనీరు హిమజని పిలిచి పని అప్పగించింది.

హిమజ బుద్ధిగా చేసింది. ఎముక గుండా వచ్చే మాట వినేందుకు పూసకి ఓ చెవి అమర్చింది. ఆస్పత్రుల్లో రోగులు డాక్టర్లతో మాట్లాడిన మాటలు వేలకొద్దీ వినిపించి, ఏ మాట ఏ బాధకి గుర్తో దానికి నేర్పింది. తల దిమ్ముగా ఉందంటే ఇది, గుండె దడగా ఉందంటే అది, బీపీ పెరిగిందంటే ఫలానాది. వయసు మళ్ళినవాళ్ళ చర్మం కింద పూస కొలత ఒక్కోసారి మందగించవచ్చు కాబట్టి, రోగి అదే బాధ మళ్ళీ మళ్ళీ చెబుతుంటే తన కొలతే తప్పనుకుని పూస రోగి మాటే నమ్మాలని ఒక నియమం కూడా పెట్టారు. దేవదత్తు గారు ఆ నియమం చదివి కళ్ళు తుడుచుకున్నాడట. యంత్రానికి వినయం నేర్పామని నలుగురికీ చెప్పుకున్నాడు.

"మేడం, ఇవన్నీ డాక్టరు ముందు మాట్లాడిన మాటలు," అంది హిమజ ఒకరోజు. "ఇళ్ళల్లో మాట్లాడుకునేవి కూడా కొన్ని రికార్డు చేసి పరీక్షిస్తే బాగుంటుందేమో."

"ఇళ్ళల్లో వీళ్ళేం మాట్లాడతారమ్మా? కూరలో ఉప్పు గురించి, సీరియల్లో అత్తగారి గురించి. అవి వినడానికి మనకి ఆర్నెల్లు కావాలా? కానిచ్చెయ్."

హిమజ కానిచ్చేసింది.

లోకంలో మందాకిని చులకనగా చూడని మనిషి ఒక్కతే ఉంది. ఆమె అక్క కోటేశ్వరమ్మ. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది, చదివించింది, తను మాత్రం ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయింది. తూములపాలెం బస్టాండు ఎదురుగా కర్రీ పాయింట్ నడుపుతుంది. పొద్దున పదింటికల్లా పప్పు, సాంబారు, రెండు వేపుళ్ళు, గోంగూర మాంసం పళ్ళాల్లో తయారు. మధ్యాహ్నానికి పళ్ళాలు ఖాళీ. ఆ మధ్య సమయమంతా ఆమె నోరు ఆగదు. కూర తక్కువ కట్టావని గొణిగే మాస్టారు మీద, చిల్లర తేని కుర్రకారు మీద, అన్నిటికంటే ఎక్కువగా, ఫోనులో చీట్లపేక ఆడుకుంటూ ఉల్లిపాయలు తరగడం మర్చిపోయే మొగుడు శేషగిరి మీద.

"ఏమయ్యా, ఆ ఫోను పక్కన పెడతావా, పొయ్యిలో పెట్టమంటావా? పొద్దున్నే నాకు బీపీ తెప్పించమాక!"

శేషగిరి నవ్వుతాడు. ఆయన బతుకంతా ఆ ఒక్క నవ్వు మీద నెట్టుకొచ్చాడు.

అక్కకి నిజంగానే బీపీ ఉంది, నూట అరవై పైన. మాత్రలిస్తే డబ్బాలో పోసి మిరియాల పక్కన పెట్టుకుంది. అందుకే పూసలకి అనుమతి వచ్చి, మొదటి మండలంగా తూములపాలేన్ని ఎంచుకున్నాక, మందాకిని స్వయంగా వచ్చి అక్క మోచేతిలో పూస పెట్టింది.

"నొప్పి లేదే," అంది కోటేశ్వరమ్మ ఆశ్చర్యంగా. "ఇంతేనా? దీనికేనా అమ్మాయ్ ఇన్నేళ్ళు పెళ్ళికీ పేరంటానికీ రాకుండా చదివింది?"

"దీనికేనక్కా. ఇంక నీ బీపీ సంగతి నువ్వు మర్చిపో. అది చూసుకుంటుంది."

"నువ్వు పెట్టావంటే చాల్లే. తీస్తానంటే కూడా తియ్యనీను," అని చెల్లెలి బుగ్గ గిల్లి, చేతికంటిన కారం చెల్లెలి మొహానికి పూసి, పని చూసుకోవడానికి పోయింది. మందాకినికి కళ్ళు మండి నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు కారానివని చెప్పుకుంది గానీ, చాలా ఏళ్ళ తర్వాత ఆ రోజు ఆమెకి తను మంచి పని చేశాననిపించింది.

మూడు నెలలు తిరిగేసరికి హైదరాబాదులో మందాకిని గది గోడ మీద తెర పచ్చబడిపోయింది. ఒక్కో పూసకి ఒక్కో చుక్క. బీపీ అదుపులో ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. మొదట పండు మిరపకాయలు ఆరబోసినట్టున్న మండలం ఇప్పుడు నాట్లేసిన మడిలా ఉంది. ఏ దేశంలోనూ ప్రాథమిక కేంద్రాల్లో ఇంత మంది రోగుల బీపీ అదుపులోకి రాలేదని పత్రికలు రాశాయి. మురహరికి సన్మానం చేశారు. ఆయన శాలువా కప్పుకుని, తన సిబ్బంది పట్టుదలే కారణమని చెప్పాడు. మందాకిని ఆ వీడియో చూసి పడీ పడీ నవ్వింది.

తర్వాత కొన్నాళ్ళకి ఆ మురహరే ఫోన్ చేశాడు.

"మేడం, కళ్ళు తిరుగుతున్నాయని కొందరు వస్తున్నారండీ. మొన్న ఒకాయన ఆటో నడుపుతూ నడుపుతూ సోలిపోయి కల్వర్టుని గుద్దేశాడు. పోయాడండీ. ఆయనకీ పూసుంది."

"బీపీ చూశారా, కళ్ళు తిరుగుతున్నాయన్నవాళ్ళకి?"

"మిషన్లు లోపల పెట్టేశామండీ. ఇప్పుడు పూసలు చూసుకుంటున్నాయి గదా."

"అయితే నూట ముప్ఫై బై ఎనభై రాసుకోండి," అని మందాకిని పెదవి వంకర తిప్పింది. "మే నెల ఎండలండీ ఇవి. వడదెబ్బకి కళ్ళు తిరక్క ఏమవుతాయి? చుక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి. ఎల్లుండి రాష్ట్రమంతటికీ ఆమోదం కోసం కమిటీ కూర్చుంటోంది. ఊరికే పుకార్లు లేపకండి."

మురహరి సరేనన్నాడు. ఆయనకి సరేననడం అలవాటు. కమిటీ కూర్చుంది, ఆమోదించింది. వచ్చే నెల ప్రారంభోత్సవమని ముహూర్తం పెట్టింది.

అక్క కూడా ఫోన్ చేసింది. ఆమె రోజూ చేస్తుంది. మందాకిని ఫోను స్పీకర్లో పెట్టి, ప్రారంభోత్సవం నాటి ప్రసంగం దిద్దుకుంటూ, మధ్య మధ్య ఊఁ కొడుతుంటుంది.

"పొద్దున లేస్తే గోడ పట్టుకోవాల్సొస్తందే. కాళ్ళ కింద నేల కదిలినట్టుంటంది. నీ బావని ఆస్పత్రికి తీసుకెళ్ళమంటే రేపంటాడు. బీపీ వస్తంది నాకు ఆ మనిషిని చూస్తే. వింటన్నావా?"

"ఊఁ."

"ఏం వింటన్నావు? ఏం జెప్పానో చెప్పు."

"బావ మీద కోపమొచ్చిందన్నావు. మజ్జిగ తాగక్కా, ఎండలో తిరక్కు."

తెర మీద కోటేశ్వరమ్మ చుక్క పచ్చగా ఉంది. మందాకిని దానికేసి ఓసారి చూసి, ప్రసంగంలో పడింది. పూస తనే కొలతలో పొరపాటు పడుతున్నానని తీర్మానించుకుని, కొలిచిన అంకె పక్కన పెట్టి రోగి మాటని బట్టే మందు వదిలి, వదిలాను గనక అదుపులో ఉన్నట్టేనని పచ్చ చుక్క వేస్తున్నదని అప్పటికి ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. పచ్చగా ఉన్నదాన్ని ఎవరు తవ్విచూస్తారు?

ఆ వారంలోనే కోటేశ్వరమ్మ పొయ్యి ముందు పడిపోయింది. బూరెల మూకుడు ఇటు కాక అటు దొర్లడం ఒక్కటే ఆ రోజు జరిగిన మేలు. మందాకిని కారులో గుంటూరు ఆస్పత్రి చేరేసరికి ఆమెని ఐసీయూలో పెట్టారు. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మూతి వంకర పోయింది.

"నెత్తురు చిట్లి వచ్చిన పక్షవాతం కాదండీ," అన్నాడు అక్కడి డాక్టరు. "బీపీ మరీ పడిపోయి మెదడుకి నెత్తురు చాలక వచ్చింది. పెంచడానికి మందెక్కిస్తున్నాం. కాసేపు పెరుగుతుంది, మళ్ళీ ఎవరో కిందకి లాగినట్టు పడిపోతుంది. ఇలాగే ఉంటే ఇవాళ సాయంత్రం దాటడం కష్టం. ఎందుకో అంతుపట్టడం లేదు."

మందాకిని అక్క మంచం పక్కన కూర్చుంది. తనకి తెలిసిన వైద్యమంతా బుర్రలో గిర్రున తిరిగింది, ఒక్కటీ నిలబడలేదు. చేయడానికి ఏమీ లేక అక్క కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. మోచేయి మడతలో పూస మీద ఆమె వేలు దానంతటదే ఆనింది.

శేషగిరి కాళ్ళ దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే, దుప్పటి సరిచేయబోయి సెలైన్ గొట్టం లాగేశాడు. కోటేశ్వరమ్మ కళ్ళు తెరిచింది. వంకరపోయిన మూతితో, ముద్ద ముద్దగా, అయినా ఆ మనిషి గొంతే.

"ఏమయ్యా... ఇక్కడ గూడా... బీపీ తెప్పించమాక."

మందాకిని వేలి కింద టిక్కుమంది.

ఆమె మొదట నమ్మలేదు. పక్కనున్న మానిటరుకేసి చూసింది. బీపీ పై అంకె ఎనభై. ఎనభై ఉన్నప్పుడు పూస మందు వదలకూడదు. చచ్చినట్టు పడుండాలి.

"అక్కా," అంది. "బావ మీద కోపం వచ్చిందను."

"ఏందే... నీ గోల?"

"అనక్కా ఒక్కసారి. కోపం వచ్చిందను."

"కోపం వచ్చింది."

పూస కదలలేదు. చెల్లెలి మొహం చూసి కోటేశ్వరమ్మకి ఒళ్ళు మండింది. "చచ్చేదాన్ని పట్టుకుని... ఆటలాడతన్నావేందే? బీపీ వస్తంది నాకు."

టిక్కు.

బీపీ. తెలుగు దేశంలో పుట్టిన ప్రతి మనిషీ మొగుడి మీద, కొడుకు మీద, కరెంటోళ్ళ మీద రోజుకి పాతికసార్లు వాడే మాట. కోపానికి పెట్టుకున్న ముద్దుపేరు. డాక్టరు ముందు కూర్చుంటే ఎవరూ ఆ అర్థంలో వాడరు. గడప దాటి ఇంట్లో అడుగు పెడితే మరో అర్థంలో వాడరు. ఆ సంగతి హిమజకి తెలుసు, మందాకినికి తెలుసు, దేవదత్తు గారికి తెలుసు. ఎంత తెలుసంటే, అది తెలిసిన సంగతని కూడా ఎవరికీ గుర్తు రానంత. పూసకి మాత్రమే తెలియదు. కోటేశ్వరమ్మ తిట్టిన ప్రతిసారీ ఆ అమాయకురాలు, అయ్యో ఈ తల్లికి బీపీ పెరిగిందట, నా కొలత తప్పట అనుకుని, నోరు మూసుకుని మందు పోసింది.

మందాకిని తను డాక్టరునన్న సంగతి, ఆ ఆస్పత్రి తనది కాదన్న సంగతి మర్చిపోయి బ్లేడు కోసం కేకలేసింది. పూస తీసి ట్రేలో పడేశాక అరగంటకి మానిటరు మీద అంకె తొంభై దాటి నిలబడింది. అప్పుడు బయటికొచ్చి, వరండాలో నేల మీద కూలబడి హిమజకి ఫోన్ చేసింది.

హిమజ సాయంత్రానికి వెతికి చెప్పింది. "పడిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు మేడం. వయసు వల్లనో, ఎండ వల్లనో అని రాసుకున్నారు. ఒకాయన పోయాడు. షేక్ మస్తాన్‌వలి. ఆటో డ్రైవరు. రోడ్డు మీద అడ్డమొచ్చిన ప్రతివాడి మీదా అరిచే మనిషంట. మురహరి గారు మీకు చెప్పానన్నారు."

"చెప్పాడు," అంది మందాకిని.

మర్నాడు పొద్దున్నే కమిటీ తెర మీద సమావేశమైంది. మందాకిని ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఫోనులో మాట్లాడింది. జరిగింది చెప్పి, పూసలన్నీ వెంటనే ఆపేయాలంది.

దేవదత్తు గారు అంతా ఓపిగ్గా విన్నాడు. రోగి గొంతు అంటే అంత ఇష్టమున్న మనిషి వినకుండా ఎలా ఉంటాడు? విన్నాక ఒక పరిష్కారం కనిపెట్టాడు. "మాటతోనే గదమ్మా చిక్కు? మాట మార్పిద్దాం. ప్రతి ఆరోగ్య కేంద్రంలో గోడ మీద పోస్టర్ వేయిద్దాం. కోపం వచ్చినప్పుడు కోపం వచ్చిందనే అనండి, బీపీ వచ్చిందనకండి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చెబుతారు. ప్రజలకి భాషా జ్ఞానం కూడా పెరుగుతుంది."

ఒక సభ్యుడు బొమ్మలు కూడా వేయిస్తే బాగుంటుందన్నాడు. మరొకాయన పాటయితే జనంలోకి త్వరగా పోతుందన్నాడు.

"ఈలోగా ఎవరైనా చచ్చిపోతే?" అంది మందాకిని.

"ప్రారంభోత్సవం పత్రికలు పంచేశాం. ఇప్పుడు ఆపమంటే ఎలా? పూసలు లేకపోతే ఆ మురహరి లాంటివాళ్ళ చేతుల్లో ఎంతమంది పోతారో లెక్కేశారా? అది మీ మాటే గదా? ఒక్క ఆటోవాడి కోసం..." దేవదత్తు గారి మొహం ఎర్రబడింది. "పొద్దున్నే నాకు బీపీ తెప్పించకండి మందాకినీ!"

తెర మీద ఉన్న తలకాయలన్నీ మర్యాదగా ఊగాయి. ఒక్కరికీ ఏమీ వినిపించలేదు. మూలగా చిన్న గడిలో కూర్చున్న హిమజ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మందాకిని ఆ తలకాయల్ని చూసింది. ఒక్కొక్కటీ అసహ్యంగా ఉంది. ఆ గడుల మధ్యలో తన మొహం కూడా ఒక గడిలో ఉంది, అదే పెదవి వంకరతో. అది కూడా వాటిలో కలిసిపోయి చక్కగా అమరింది.

పూసలు ఆపే ఆజ్ఞ ప్రధాన పరిశోధకురాలిగా ఆమె చేతిలో ఉంది. ఒకసారి ఆపిన పూస మళ్ళీ బతకదు. దానితో పాటు పథకం, కేంద్రం, పదిహేనేళ్ళ పని, ఆమె పేరు, అన్నీ పోతాయి. ఎవరితోనూ చెప్పకుండా ఆపేసింది. దేవదత్తు గారు పోస్టరు రంగుల గురించి మాట్లాడుతుండగానే, తూములపాలెం మండలమంతటా మనుషుల మోచేతుల్లో పూసలన్నీ చల్లబడిపోయాయి.

సాయంత్రానికి మురహరి ఫోన్ చేశాడు, ఏడుపు గొంతుతో. "మేడం, ఆపేసేముందు ఒక మాట చెప్పొద్దా? వరండా నిండా జనం. అందరికీ చూడమంటున్నారు. పట్టీ అతుక్కోవడం లేదండీ."

"రెండో చేత్తో మీరే పట్టుకోండి," అని ఫోను పెట్టేసింది.

కోటేశ్వరమ్మ బతికింది. వారానికి వార్డులోకి మార్చారు. ఎడమ చెయ్యి రాలేదు, వస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు. మాట మాత్రం మెల్లగా తేరుకుంది. ఆ రోజు మధ్యాహ్నం మందాకిని దానిమ్మ గింజలు ఒలిచి గిన్నెలో వేసి తెచ్చింది. శేషగిరి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఫోను ఆయన జేబులోనే ఉంది.

చెప్పకుండా ఉండొచ్చు. మందాకిని చెప్పింది. బీపీ అనే మాట సంగతి, పూస దాన్ని ఎలా విన్నదో ఆ సంగతి, మస్తాన్‌వలి సంగతి, కమిటీ సంగతి, మొత్తం. కోటేశ్వరమ్మ మధ్యలో ఒక్క మాటా అడ్డం రాలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం మందాకిని ఎన్నడూ చూడలేదు.

"అందరికీ ఆపేశానక్కా," అని ముగించింది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో మెచ్చుకోలు కోసం ఎదురుచూపు ఉంది. ఉందని ఆమెకీ తెలిసింది, సిగ్గేసింది, అయినా ఎదురుచూసింది.

"ఎప్పుడు?"

"నీకిలా అయిన మర్నాడే."

"ఆ ఆటో అబ్బాయి పోయి?"

"నెల దాటింది."

"ఆ డాక్టరు అప్పుడే ఫోన్ జేశాడు గందా నీకు."

"చేశాడు."

"నాకు గాకుండా ఇంకెవరికో ఇట్టా అయ్యుంటే, ఇయ్యాలకైనా ఆపేదానివా?"

మందాకిని దగ్గర చాలా జవాబులున్నాయి. ఒక్క మరణంతో కారణం తేల్చలేమని ఉంది. ఎండల లెక్క ఉంది. పూసల వల్ల తప్పిన పక్షవాతాల లెక్క కూడా ఉంది, అది నిజమైన లెక్కే. అవన్నీ నోటిదాకా వచ్చాయి. అక్క మొహం చూసి ఒక్కటీ బయటికి రాలేదు.

"లేదక్కా," అంది.

అరుస్తుందని చూసింది. అరవాలని మొక్కుకుంది కూడా. తిట్టి, శాపనార్థాలు పెట్టి, ఆ మంచి చెయ్యితో చెంప పగలగొడితే బతికిపోదును అనుకుంది. కోటేశ్వరమ్మ ఆ చెయ్యి మెల్లగా చెల్లెలి ఒళ్ళోంచి తీసుకుంది. దానిమ్మ గింజల గిన్నె స్టూలు మీద అటు జరిపింది. గొంతు ఏమాత్రం పెంచకుండా మొగుణ్ణి పిలిచింది.

"ఏమయ్యా. ఈ డాక్టరమ్మ గారిని కిందిదాకా దిగబెట్టిరా. వాళ్ళకి పనులుంటాయి."

శేషగిరి లేచి తలుపు తీసి పట్టుకున్నాడు.